పోతుంది అంటే ఎక్కడికి పోతుంది?

చిమిండైంగ్‌లో వానలు మొదలయ్యాయి. కరెంటు ఉన్నప్పుడు కొంచెం, లేనప్పుడు కాగితం మీద కొంచెం రాసుకుంటూ ఈ పోస్టు మూడు రోజుల్లో పూర్తి చేశాను.

ఈసారి డబ్బు మాటలు. ఫీజు, డిపాజిట్, అడ్వాన్సు, పోవడం, పట్టుకోవడం. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అన్నీ మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్నవే. అయినా 2024 జూలైలో ఈ మాటల వల్ల మా మేనకోడలి కాలేజీ సీటు దాదాపు చేజారిపోయింది. మీలో ఎవరైనా పిల్లల్ని చదువుకి ఇండియా పంపాలనుకుంటే ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క ముక్క. మేం యాంగోన్‌లో నాలుగో తరం తెలుగువాళ్ళం. తెలుగు మాట ఇంట్లో వచ్చింది. అక్షరాలు మాత్రం నేను ముప్ఫై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. బడిలో నాకు అన్ని సబ్జెక్టులూ బర్మా భాషలోనే.

ఏం జరిగింది

మా అన్నయ్య కూతురికి ఆంధ్రలో ఒక ప్రైవేటు కాలేజీలో బీబీఏ సీటు వచ్చింది. కాలేజీ పేరు రాయను. మొదటి ఏడాది ఫీజు లక్ష రూపాయలు. సీటు ఖాయం చేసుకోవడానికి ముందు పాతికవేలు కట్టాలి, మిగతాది జూలై నెలాఖరు లోపు కట్టాలి. ఇవి కాక కాషన్ డిపాజిట్ ఐదువేలు.

పాతికవేల రూపాయలు అక్కడివాళ్ళకి ఎంతో నాకు తెలియదు. ఇక్కడ చాలా పెద్ద మొత్తం. మా డబ్బు పేరు చాట్. మీరు పేపర్లో క్యాట్ అని చదివి ఉంటారు. 2022 ఆగస్టులో మా సెంట్రల్ బ్యాంకు డాలరుకి 2,100 చాట్లు అని రేటు పెట్టింది. 2024 మధ్యకి వచ్చేసరికి బజారు రేటు దానికి రెట్టింపు దాటిపోయింది. ఒకే ఫీజు, కానీ మనం చాట్లు పోగుచేసుకునే లోపే అది పెరిగిపోతూ ఉంటుంది. వదిన తన రెండు గాజులు అమ్మింది. ఇక్కడి నుంచి నేరుగా పంపడం కుదరలేదు. విశాఖపట్నంలో ఉన్న వదిన తరఫు చుట్టం ఒకాయన తన ఖాతా నుంచి కట్టి రశీదు ఫొటో పంపాడు.

తర్వాత కాలేజీ నుంచి అడ్మిషన్ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఉంటేనే స్టూడెంట్ వీసాకి అడగగలం. వీసా కావాలంటే ఉత్తరం ఉండాలి, ఉత్తరం కావాలంటే డబ్బు కట్టాలి. వీసా వస్తుందో రాదో తెలియకముందే డబ్బు చేయి దాటిపోతుంది. అన్నయ్యకి అసలు భయం అదే. అందుకే కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అన్నయ్య తెలుగు బాగానే మాట్లాడతాడు, చదవడం రాదు. వాళ్ళ మాటలు ఇలా సాగాయి:

"డిపాజిట్ కట్టామండీ. అది మళ్ళీ ఎప్పుడు ఇస్తారు?"

"మళ్ళీ ఇవ్వడమేంటండీ? అది ఫీజులో పోతుంది."

"పోతుందా? ఎంత పోతుంది?"

"మొత్తం పాతికవేలూ పోతుందండీ."

"అలాగైతే మాకొద్దు. మా డబ్బు మాకు ఇచ్చెయ్యండి."

"సరేనండీ. క్యాన్సిల్ అని ఒక లెటర్ పెట్టండి."

ఫోన్ పెట్టేసి అన్నయ్య మోసపోయాం అన్నాడు. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. వదిన పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగింది, బోసి చేతులు ఎవరూ చూడకూడదని. పాప అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. గడువు ఇంకా ఐదు రోజులుంది.

పదిలో మూడు పోతే

నేను అన్నయ్యని అడిగాను: ఆయన సరిగ్గా ఏ మాట అన్నాడు? తిట్టాడా, కోపంగా ఉన్నాడా? లేదు, మామూలుగానే "ఫీజులో పోతుంది" అన్నాడట. మామూలుగా అన్నాడంటే నాకు అనుమానం వచ్చింది. ఎదుటివాడి పాతికవేలు పోయిందని ఎవరూ అంత మామూలుగా చెప్పరు.

ఆ మాట నేను ఇంట్లో వినలేదు కానీ పుస్తకంలో చదివాను. అక్షరాలు నేర్చుకునే రోజుల్లో విశాఖ నుంచి ఎవరో తెచ్చిన పాత ఒకటో తరగతి లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది. అందులో తీసివేతలన్నీ ఇలాగే ఉంటాయి. పదిలో మూడు పోతే ఎంత? ఏడు. ఎనిమిదిలో రెండు పోతే ఎంత? ఆరు. అక్కడ మూడు ఎక్కడికీ పోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. లెక్కలోంచి తగ్గింది, అంతే.

ఆంధ్రలో బడికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆరేళ్ళ వయసులో ఈ మాట నేర్చుకుంటారు. మా అన్నయ్య తీసివేత నేర్చుకున్నది బర్మా భాషలో. అందులో తీసివేతకి వాడే మాటకి పీకడం అని అర్థం, మొక్కని పీకినట్టు. పదిలోంచి మూడు పీకాలి. కాబట్టి అన్నయ్య చెవిలో "పోతుంది" అనే మాటకి లెక్క అర్థం లేనే లేదు.

మా ఇంట్లో పోవడం ఎప్పుడు వాడతామో రాసి చూశాను. కరెంటు పోయింది. గొడుగు పోయింది. పరువు పోయింది. తాత పోయాడు. ఒక్కటీ మంచి వార్త కాదు. మా తెలుగు వంటింట్లో, వాకిట్లో పెరిగింది. దానికి ప్రేమ తెలుసు, తిట్టు తెలుసు, వంట తెలుసు. లెక్కలు, ఆఫీసు, రశీదు తెలియవు. ఇంటి భాషగా మాత్రమే తెలుగు మిగిలిన చాలామందికి ఇలాగే ఉంటుందని నేను అనుకుంటున్నాను. మాట్లాడేది ధారాళంగా ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళకి అనుమానం రాదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక ఒక్కసారిగా నేల జారుతుంది.

మర్నాడు నేను ఫోన్ చేశాను. మన టైము ఇండియా కంటే గంట ముందు. అక్కడ ఆఫీసు పదింటికి తెరిస్తే ఇక్కడ పదకొండు. అదే మనిషి ఎత్తాడు. నేను ఒకే ప్రశ్న అడిగాను: "ఫీజులో పోతుంది అంటే, మేం ఇంకా కట్టాల్సింది లక్షా, డెబ్బై ఐదు వేలా?"

"డెబ్బై ఐదే కదమ్మా. లక్షలో పాతిక పోతే డెబ్బై ఐదు. అది కట్టండి, చాలు."

ఆ తర్వాత ఆయనే అన్నాడు: "కానీ మీ అన్నగారు క్యాన్సిల్ అన్నారే? రిజిస్టర్లో అలాగే రాసేశాం."

ఇది నేను ఊహించలేదు. ఆయన వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే. సీజన్లో రోజుకి ఎంతమంది ఫోన్ చేస్తారో. "డబ్బు ఎప్పుడు తిరిగిస్తారు" అని అడిగేవాళ్ళు ఆయనకి తెలిసినంతలో ఒకే రకం, సీటు వదులుకునేవాళ్ళు. అన్నయ్యకి ఆయన మాట ఎలా తప్పుగా వినబడిందో, ఆయనకి అన్నయ్య మాట కూడా అలాగే వినబడింది. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇంగ్లీషులో మాట్లాడుకుని ఉంటే బహుశా ఒకరినొకరు "అంటే ఏమిటండీ" అని అడిగేవాళ్ళు.

సీటు వదులుకోవడం లేదని ఉత్తరం పంపమన్నారు. తెలుగులో నేను రాసిన మొదటి ఆఫీసు ఉత్తరం అది. "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని మొదలుపెట్టి, "ఇట్లు, విధేయులు" అని ముగించి, నాలుగుసార్లు చదువుకుని పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది: ఇంగ్లీషులో పంపండి మేడమ్. పాప ఇంగ్లీషులో రాసి పంపింది. గడువుకి ఒకరోజు ముందు ఆమె పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కింది.

డిపాజిట్ ఒక మాట కాదు

ఇప్పుడు అసలు మాట. అన్నయ్య ఆ డబ్బు తిరిగి వస్తుందని ఎందుకు అనుకున్నాడు? ఎందుకంటే యాంగోన్‌లో డిపాజిట్ అంటే తిరిగి వచ్చే డబ్బు. ఇల్లు అద్దెకి తీసుకుంటే ఇంటాయనకి ఆరు నెలలో, ఏడాదో అద్దె ముందే ఇస్తాం. దానికి తోడు డిపాజిట్ ఇస్తాం. ఖాళీ చేసేటప్పుడు గోడలు, కుళాయిలు చూసుకుని డిపాజిట్ తిరిగి ఇస్తారు. బర్మా మాటలో దీన్ని సబో అంటారు.

బర్మా మాటలో ఇంకోటి ఉంది, సయాన్. ఇల్లు కొనేటప్పుడో, సామాను ఆర్డరు పెట్టేటప్పుడో, బేరం ఖాయమని ముందు కొంత ఇస్తాం కదా, అది. అది తిరిగి రాదు, ధరలో తగ్గుతుంది. మనం వెనక్కి తగ్గితే మాత్రం పోతుంది (ఇది మా ఇంటి అర్థంలో పోవడం). కాలేజీవాళ్ళు అడిగిన పాతికవేలు అచ్చంగా సయాన్. ఆ మాట ఒక్కటి వినబడి ఉంటే అన్నయ్యకి క్షణంలో అర్థమయ్యేది.

తెలుగులో ఈ తేడా లేదా అని నిఘంటువు తీశాను. ఉంది, చాలా బాగా ఉంది. బేరం ఖాయం చేసే డబ్బుకి బయానా. కొంతమంది బజానా అంటారు. ఇంకా పాత మాట సంచకరువు. హామీగా ఉంచి తర్వాత తిరిగి తీసుకునే డబ్బుకి ధరావతు. ఇక దేనికోసమైనా కట్టి మర్చిపోవాల్సిన డబ్బుకి రుసుము. బయానా ధరలో కలుస్తుంది, ధరావతు వెనక్కి వస్తుంది, రుసుము రాదు. మూడు మాటలు, మూడు దారులు.

ధరావతు అనే మాట నాకు పేపర్లో ఎన్నికలప్పుడు దొరికింది. ఇండియాలో లోక్‌సభకి పోటీ చేసేవాళ్ళు 25,000 రూపాయలు కట్టాలి, అసెంబ్లీకి 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకి మించి రాకపోతే ఆ డబ్బు ప్రభుత్వానికే. దాన్నే డిపాజిట్ గల్లంతు అంటారు. 2024లో ఎన్నికల ఫలితాలు జూన్‌లో వచ్చాయి, మా గొడవ జూలైలో. పాప ఈ అంకె చూసి, "అత్తా, అదే పాతికవేలకి ఎంపీగా నిలబడొచ్చు కదా" అంది. నాలుగు రోజుల తర్వాత మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

కాలేజీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాం. అందులో మూడు రకాల డబ్బూ ఉంది. అప్లికేషన్‌కి కట్టింది రుసుము. పాతికవేలు బయానా. కాషన్ డిపాజిట్ ఐదువేలు ధరావతు: లైబ్రరీ పుస్తకాలు పోగొట్టకుండా, లాబ్ సామాను పగలగొట్టకుండా చదువు ముగిస్తే చివర్లో తిరిగి ఇస్తారు. కానీ ఉత్తరంలో రెండింటికి డిపాజిట్ అనే పేరే పెట్టారు. ఒకటి తిరిగి వచ్చేది, ఒకటి రానిది. పేరు ఒకటే. అన్నయ్యని ఏమనగలం?

అడ్వాన్సు, మా మామ్మ లెక్కలో

మా మామ్మకి ఎనభై ఆరేళ్ళు. రంగూన్‌లోనే పుట్టింది. ఆమెకి డిపాజిట్ అని చెబితే అర్థం కాదని వదిన "కాలేజీ అడ్వాన్సు" అని చెప్పింది. మామ్మ వెంటనే అడిగింది: "ఏటీ, అడ్వాన్సు పుచ్చుకున్నారా? ఎవడి దగ్గర?"

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆమె తండ్రి కాలంలో అడ్వాన్సు అనేది బయల్దేరే మనిషికి ఇచ్చే డబ్బు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలమంది మనవాళ్ళు ఓడెక్కి రంగూన్ వచ్చారు. రేవుల్లో బస్తాలు మోశారు, రైసు మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరుతో ఇక్కడ అందర్నీ కోరంగీలు అన్నారు. వాళ్ళని తీసుకొచ్చింది మేస్త్రీలు. ఓడ టికెట్‌కి, ఇంట్లో వదిలి రావడానికి కొంత డబ్బు మేస్త్రీ ముందే ఇచ్చేవాడు. అదే అడ్వాన్సు. రంగూన్‌లో దిగాక అది అప్పు. కూలిలోంచి మేస్త్రీ పట్టుకుంటాడు. అది తీరేదాకా ఆ మేస్త్రీని వదిలి వేరే చోటికి వెళ్ళడం కష్టం. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, కూలివాడికి చదువు రాదు.

అందుకే మామ్మకి ఆ మాట వినగానే భయం. అడ్వాన్సు ఎవరు తీసుకుంటే వాళ్ళు బందీ. ఇప్పుడు ఆమె మునిమనవరాలు అదే సముద్రానికి అవతలి ఒడ్డుకి వెళ్తోంది. ఈసారి డబ్బు ఇటు నుంచి అటు వెళ్ళింది. "మేం పుచ్చుకోలేదు మామ్మా, మేమే ఇచ్చాం" అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే కాగితం మన దగ్గరుందా?" అంది.

నేను ఎన్ని రూల్సు చదివినా ఇంతకంటే మంచి ప్రశ్న దొరకలేదు. డబ్బు ఎటు వెళ్ళినా, లెక్క ఎవరి పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం మనం చదవగలమా? మామ్మ తండ్రి చదవలేకపోయాడు. అన్నయ్య ఫోన్లో వింటాడు కానీ రశీదు చదవలేడు. ఆ రశీదు మీద "దేని నిమిత్తం" అనే గడిలో "మొదటి సంవత్సరం ట్యూషన్ ఫీజు, పాక్షికం" అని తెలుగులోనే రాసి ఉంది. పాక్షికం అంటే కొంత భాగం. ఆ ఒక్క మాట చదివితే నాలుగు రోజుల గొడవ లేదు.

ఫీజు ఉందా లేదా

శ్రీకాకుళంలో మా దూరపు చుట్టాలు ఉన్నారు. సీటు వచ్చిందని చెప్పగానే వాళ్ళు అన్నారు: "ఫీజుకేముంది, మా పిల్లలకి ఫీజే లేదు, గవర్నమెంటే కడుతుంది." వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అర్హత ఉన్న కుటుంబాల పిల్లల ఫీజు ప్రభుత్వం భరిస్తుంది. ఆంధ్రలో 2021 నుంచి కొంతకాలం ఆ డబ్బు తల్లుల బ్యాంకు ఖాతాల్లో వేశారు. తల్లి దాన్ని తీసుకెళ్ళి కాలేజీకి కట్టాలి. అక్కడ కూడా "ఫీజు లేదు" అంటే ఫీజు లేకపోవడం కాదు, వేరేవాళ్ళు కట్టడం. ప్రభుత్వం ఆలస్యం చేస్తే కాలేజీ పిల్లల్నే అడుగుతుంది. ఇక మయన్మార్ పాస్‌పోర్టుతో వెళ్ళే పిల్లకి అది వర్తించదు. విదేశీ విద్యార్థుల ఫీజు పట్టిక వేరే ఉంటుంది, చాలా చోట్ల డాలర్లలో ఉంటుంది. చుట్టాల మాట విని ఇంట్లో ఒక వారం అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఉత్తరం వచ్చాక అది ఆగింది.

బర్మా భాషలో స్కూలు ఫీజుని చౌన్ లఖ అంటారు. చౌన్ అంటే బడి, లఖ అంటే నెల జీతం. ఆఫీసులో మనకి ఇచ్చేదీ లఖే, బడికి మనం ఇచ్చేదీ లఖే. విచిత్రంగా ఉంది కదా? కానీ మా మామ్మ తెలుగులో కూడా అది "బడి జీతం". పాత తెలుగు పుస్తకాల్లో కూడా ఈ వాడుక కనబడింది, పిల్లలు పంతులుగారికి జీతం కట్టడం. జీతం అంటే నెలనెలా ఇచ్చేది, పని జరిగాక ఇచ్చేది. ఫీజు ఏడాదికి ముందే ఇచ్చేది. మా పెద్దవాళ్ళకి ఆ తేడా ఒంటికి పట్టదు. చదువు చెప్పకముందే జీతమేమిటి అని మామ్మ ఇప్పటికీ అడుగుతుంది.

రూల్సు ఏమంటున్నాయి

అన్నయ్య మొదటి భయం ఇంకా అలాగే ఉంది: వీసా రాకపోతే? దీనికి జవాబు కాలేజీ ఉత్తరంలో లేదు. పాప, నేను కలిసి ఇండియా యూజీసీ కాగితాలు చదివాం. యూజీసీ అంటే అక్కడ యూనివర్సిటీల మీద ఉండే కమిషన్.

2018 అక్టోబరులో వాళ్ళు ఫీజు వాపసు గురించి ఒక నోటిఫికేషన్ ఇచ్చారు. కాలేజీ ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతానికి మించకుండా, అది కూడా 5,000 రూపాయలు దాటకుండా తగ్గించుకోవచ్చు. 15 రోజుల కంటే తక్కువ ముందు చెబితే 90 శాతం ఇవ్వాలి. చివరి తేదీ దాటాక 15 రోజుల లోపు అయితే 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య అయితే 50 శాతం. 30 రోజులు దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం పూర్తిగా ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు.

2024-25 చదువు సంవత్సరానికి ఇంకా మంచి మాట చెప్పారు. సెప్టెంబరు 30 లోపు మానుకుంటే మొత్తం తిరిగి ఇవ్వాలి. అక్టోబరు 31 లోపు అయితే వెయ్యి రూపాయలకి మించి తగ్గించకూడదు. కాబట్టి ఆ ఏడాది తేదీలు ఏమున్నాయో ఎప్పుడూ చూసుకోవాలి.

ఇంకోటి. కోర్సు మొత్తం ఫీజు ఒకేసారి అడిగే హక్కు కాలేజీకి లేదు. 2003లో సుప్రీంకోర్టు ఇస్లామిక్ అకాడమీ కేసులో ఈ మాట చెప్పింది. ఒక సెమిస్టరుకో, ఒక ఏడాదికో మాత్రమే ముందు తీసుకోవాలి.

ఇవన్నీ చదివాక నేను ఆఫీసుకి ఇంకోసారి ఫోన్ చేసి వీసా సంగతి అడిగాను. "రాకపోతే వెయ్యి పట్టుకుని మిగతాది ఇచ్చేస్తామమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న అన్నయ్యకి మళ్ళీ అనుమానం: పట్టుకుని అంటే, చేత్తో పట్టుకుని తర్వాత ఇస్తారా? లేదు అన్నయ్యా. డబ్బు విషయంలో పట్టుకోవడం అంటే తగ్గించుకోవడం. మామ్మ వెంటనే అర్థం చేసుకుంది. మేస్త్రీ కూడా అలాగే పట్టుకునేవాడు.

తిరిగి వచ్చే డబ్బు ఎవరికి వస్తుంది అని కూడా అడిగాను. ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే అన్నారు. అంటే విశాఖ చుట్టానికి. ఆయన మంచివాడే, అయినా ఆయనతో ఒక మాట ముందే అనుకున్నాం. తర్వాత మొహమాటపడే కంటే అది నయం.

ఫోన్ చేసే ముందు

ఈ వాక్యాలు నా నోటుబుక్కులో రాసుకున్నాను. మీరూ గట్టిగా చదివి అలవాటు చేసుకోండి. అన్నీ ఫోన్లో వాడినవే.

ఈ డబ్బు ఫీజులో తగ్గిస్తారా, లేక ఫీజు కాక విడిగానా అండీ?

ఇది కట్టాక మేం ఇంకా ఎంత కట్టాలి? అంకె చెప్పండి.

మేం సీటు వదులుకోవడం లేదండీ. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాం. (ఇది ముందే చెప్పాలి!)

వీసా రాకపోతే ఎంత వెనక్కి వస్తుంది? ఏ తేదీ లోపు చెప్పాలి?

ఇది ఒక ఏడాదికా, ఒక సెమిస్టరుకా?

కాషన్ డిపాజిట్ ఎప్పుడు ఇస్తారు? ఎవరి ఖాతాకి?

రశీదు మీద అమ్మాయి పేరు, దేని నిమిత్తమో రాస్తారా?

ఇప్పుడు చెప్పిందే మెయిల్లో కూడా పంపుతారా అండీ?

రెండో వాక్యం అన్నిటికంటే ముఖ్యం. మాటలకి రెండు అర్థాలుంటాయి, డెబ్బై ఐదు వేలకి ఒకటే అర్థం. ఎక్కడ అనుమానం వచ్చినా అంకె అడగండి.

పాప వీసా ఆగస్టులో వచ్చింది. ఇప్పుడు ఆమెకి రెండో ఏడాది. హాస్టల్ ఫీజు గురించి పోయిన వారం మెసేజ్ పెట్టింది: "అత్తా, మెస్ అడ్వాన్సు బయానానా, ధరావతా అని అడిగాను. ఆఫీసులో అందరూ నవ్వారు, కానీ జవాబు సరిగ్గా చెప్పారు." అది ధరావతట.

మీ ఇళ్ళల్లో ఈ మాటలు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలని ఉంది. మలేషియా, మారిషస్, ఫిజీల నుంచి చదివేవాళ్ళు రాయండి. మీ పెద్దవాళ్ళు స్కూలు ఫీజుని ఏమనేవారు? తీసివేత ఏ భాషలో చేస్తారు? వచ్చేసారి మాట: కట్టడం. ఇల్లు కట్టడం, చీర కట్టడం, ఫీజు కట్టడం. ఈ మూడూ ఒకే మాట ఎందుకయ్యాయో మామ్మని అడిగి రాస్తాను.